గాజుతొట్టెలో ఏ నీరు?

ఇంట్లో అక్వేరియం పెట్టదలచినవారు సాధారణంగా ముందు చేపను చూసి ముచ్చటపడి, ఆ తరవాతనే దానికి కావలసిన నీటి సంగతి ఆలోచిస్తారు. నిజానికి ఈ వరుస తిరగబడాలి, ఎందుకంటే మంచినీటి చేపకూ సముద్రపు చేపకూ ఉన్న అసలు తేడా రంగుల్లో కాక, వాటి శరీరం నీటితో నెరపే వ్యవహారంలో ఉంది. మంచినీటి చేప రక్తంలోని లవణాల గాఢత చుట్టూ ఉన్న నీటికన్నా ఎక్కువ కాబట్టి, పలచని ద్రవం నుంచి చిక్కని ద్రవంలోకి పొర గుండా నీరు ప్రవహించే ద్రవాభిసరణం వల్ల, నీరు నిరంతరం దాని ఒంట్లోకి చేరుతుంది. ఆ చేప నీరు తాగే పని దాదాపు లేకుండానే, చేరినదాన్ని పలచని మూత్రంగా వదిలేస్తుంది. సముద్రపు చేప ఒంట్లోని నీరు బయటికి పోతూ ఉంటుంది గనుక, అది ఉప్పునీటినే తాగి, అదనపు ఉప్పును మొప్పల ద్వారా విసర్జిస్తుంది.

సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి, అంటే 200 లీటర్ల తొట్టెను ఒక్కసారి నింపడానికే 7 కిలోల ఉప్పుమిశ్రమం కావాలి. వంటింటి ఉప్పు ఇందుకు పనికిరాదు. అందులో ఉన్నది దాదాపు సోడియం క్లోరైడే గాని, సముద్రంలోని మెగ్నీషియం, కాల్షియం కాదు. వేసవిలో ఆవిరయ్యేది నీరే గాని ఉప్పు కాదు కనుక, తగ్గిన మట్టాన్ని మళ్ళీ ఉప్పునీటితో నింపితే తొట్టె రోజురోజుకీ చిక్కబడుతుంది; మంచినీటితోనే భర్తీ చేయాలి. చేపల విసర్జనలోంచి వచ్చే అమ్మోనియా విషయం ఇంకా చిక్కైనది: 7 దగ్గర పీహెచ్ ఉన్న మంచినీటిలో అది చాలావరకు హాని తక్కువైన అమ్మోనియం రూపంలో ఉండిపోతుంది గాని, పీహెచ్ 8.2 దాటే ఉప్పునీటిలో దాని విషరూపం పాలు పదింతలకు పైగా పెరుగుతుంది. దీనికి తోడు, 25 డిగ్రీల వద్ద లీటరు మంచినీరు 8 మిల్లీగ్రాములకు పైగా ఆక్సిజన్ పట్టుకోగలిగితే సముద్రపు నీరు 7 మిల్లీగ్రాములు కూడా పట్టలేదు. వేడెక్కినకొద్దీ రెండింటిలోనూ ఇది ఇంకా తగ్గుతుంది. మే నెలలో మధ్యాహ్నం కరెంటు పోయి పంపు ఆగినప్పుడు ముందుగా దెబ్బతినేది ఏ తొట్టె అన్నది ఇక చెప్పనక్కరలేదు.

అందుకని మంచినీటి తొట్టే మేలనుకున్నా, మంచినీటి చేపలన్నీ మన చేపలు కావు. దుకాణాల్లో కనిపించే గోల్డ్ ఫిష్ చైనాది, గప్పీ దక్షిణ అమెరికాది. అద్దానికి పట్టిన నాచును తింటుందని కొనే సక్కర్ చేప కూడా దక్షిణ అమెరికాదే, పెరిగి పెద్దదయ్యాక యజమానులు చెరువుల్లో వదిలేయగా, తెలుగునాట జాలరుల వలలు చింపే దెయ్యం చేపగా పేరుమోసింది. దేశవాళీ చేపల్లో తొట్టెకు చక్కగా ఒదిగేది సాధారణంగా నాలుగు సెంటీమీటర్లు దాటని, నీలిచారల జీబ్రా డేనియో. హైదరాబాదులోని సీసీఎంబీ వంటి పరిశోధనాలయాలు కూడా దీన్ని జన్యు అధ్యయనాల కోసం పెంచుతాయి. గంగా, బ్రహ్మపుత్రా పరీవాహకాలకు చెందిన డ్వార్ఫ్ గౌరామి నీటిపైకి వచ్చి గాలినే పీల్చగలదు, మగచేప నురగబుడగలతో గూడు కట్టి గుడ్లను కాస్తుంది. ఈ దృశ్యం ఏ పగడపు తొట్టెకూ తీసిపోదు. తెలంగాణ రాష్ట్ర చేప కొరమీను మాత్రం, దేశవాళీదే అయినా, మీటరు దాకా పెరిగి తోటి చేపలను మింగేస్తుంది కాబట్టి ఇంటి తొట్టెకు తగదు.

అయితే దేశవాళీ అన్న ఒక్క కారణంతో ఏ చేపనైనా కొనడం సరికాదు. మిస్ కేరళ అని పిలిచే డెనిసన్ బార్బ్ పశ్చిమ కనుమల ఏరుల్లో అంతరించే ప్రమాదంలో ఉంది, కనుక తొట్టెల్లో పుట్టిందో, ఏటిలో పట్టిందో అమ్మేవారిని అడగాలి. సముద్రపు చేపల్లో అత్యధికం ఇప్పటికీ సముద్రంలో పట్టినవే. రాతి పగడాలు, సముద్రపు గుర్రాలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్నాయి, వాటిని కొనడం నేరం. ఇంత తెలిసీ ఉప్పునీటి తొట్టే కావాలనుకునేవారు హేచరీలో పుట్టిన క్లౌన్ ఫిష్ జంటతో, ఇన్వర్టరు ఉన్న ఇంట్లో, మొదలుపెట్టవచ్చు.