సోలెడు బియ్యములో బియ్యమెంత?

ఒక వస్తువు ఆక్రమించు చోటునకు ఘనపరిమాణమని పేరు. ఈ నిర్వచనమును మన విద్యార్థులందఱును వల్లించియే యున్నారు. అయినను సోలెడు బియ్యమును చూపి, ఇందు గింజల ఘనపరిమాణమెంత యని యడిగినచో, సోలెడే యని పలువురు చెప్పుదురు. ఆ యుత్తరము సరి కాదు.

దీనిని పరీక్షించుట సులభము. బియ్యము నీటిని పీల్చి యుబ్బును గనుక, దానికి బదులుగా కడిగి యారబెట్టిన సన్నని గులకఱాళ్లను తీసికొందము. సోలను వానితో అంచునకు సమముగా నింపి, గిద్దతో కొలిచిన నీటిని మెల్లగా పోయుదము. (నేడు సోలయు గిద్దయు దొరకుట యరుదు, గాజుగ్లాసుతో చేసినను చాలును.) నాలుగు గిద్దలు ఒక సోల గదా! ఱాళ్లతో నిండిన యా సోలలోనికి మఱియు సుమారు గిద్దన్నర నీరు పొర్లక దిగును. ఆ నీరు ఱాళ్లలోనికి పోలేదు. వాని సందులలోని గాలిని వెడలగొట్టి దాని చోట నిలిచినది. పైకి వచ్చు బుడగలే యందులకు సాక్ష్యము. కావున ఱాళ్ల నిజమైన ఘనపరిమాణము రెండున్నర గిద్దలే. గాలియు పదార్థమే, అది తొలగినగాని నీటికి చోటు లేదు.

ధాన్యమును కుంచములతో కొలిచిన దినములలో ఈ గాలి స్వల్పవిషయము కాదు. మెల్లగా జాఱవిడిచిన ధాన్యము వదులుగా నిలుచును. కుంచమును కుదిపినచో గింజలు ఒకదాని సందున నొకటి సర్దుకొని, పైన వెలితి యేర్పడును. గింజ యొక్కటియు పోలేదు. గాలి మాత్రమే వెడలినది. ధాన్యము అప్పిచ్చువాడు ఇచ్చునపుడు వదులుగాను, తీసికొనునపుడు కుదిపియు కొలిచెనేని, కుంచము మాఱకుండగనే, లెక్క తప్పకుండగనే, బీదరైతు గింజలు పోగొట్టుకొనును. అతడు తగవు పెట్టుకొనుటకైనను ఆధారముండదు. త్రాసు దగ్గఱ ఈ యుపాయము సాగదు. ఎంత కుదిపినను తూకము మాఱదు గదా! 1956వ సంవత్సరపు చట్టముచే మన దేశమున మెట్రిక్ కొలతలు ఏర్పడినవి. నేడు బియ్యమును కిలోల లెక్కను తూచి కొనుచున్నాము.

అయితే, ఎంత నేర్పుగా సర్దినను గాలి పూర్తిగా పోవునా? గింజల యాకారము చిక్కైనది గనుక, సమానమైన గోళములను గూర్చి విచారింతము. గోలీలను పాత్రలో పోసి బాగుగా కుదిపినను, నూటికి సుమారు 64 వంతుల చోటే గోలీలది. పండ్ల యంగడిలో నారింజపండ్లను రాశిగా పేర్చు పద్ధతిని మించిన యమరిక లేదని 1611లో జర్మను శాస్త్రజ్ఞుడు కెప్లరు ఊహించెను. 1998లో థామస్ హేల్సు దానికి ఉపపత్తిని ప్రకటించెను. 2014లో కంప్యూటరు సాయమున ఆ ఉపపత్తి అడుగడుగునను సరిచూడబడినది. ఆ యమరికయందును పండ్లు ఆక్రమించునది నూటికి 74 వంతులకు మాత్రము కొంచెము మించును. తక్కిన 26 వంతులకు లోపైన చోటును గాలికి విడువవలసినదే.