బొగ్గుపుల్లతో మనుష్యరూపము

చిత్రకారుని పరికరములలో బొగ్గుపుల్లవంటి చౌకవస్తువు అరుదు. గుహలలో తిరుగాడిన మానవుడు సైతము దీనిని ఎరుగును. ఫ్రాన్సు దేశమందలి షోవే గుహగోడలపై 30,000 సంవత్సరములకు పూర్వము బొగ్గుతో గీసిన జంతువుల బొమ్మలు 1994లో బయటపడినవి. కట్టెను గాలి తగులనీయక కాల్చినచో అది మండి బూడిద కాక బొగ్గుగా మారును. ఐరోపా చిత్రకారులు ఇందులకు విల్లో చెట్టు కొమ్మలను, ద్రాక్షతీగలను వాడుదురు. మన శ్రీకాళహస్తిలో కలంకారీ పనివారు చింతపుల్లలను కాల్చి, ఆ బొగ్గుతోనే వస్త్రముపై తొలిరేఖలు దిద్దుదురు. బొగ్గుపొడిని బంకతో కలిపి అదిమి చేసిన కణికలును అంగళ్లలో దొరకును. వాని నలుపు గాఢమైనది, చెరుపుట కష్టము. నేర్చుకొనువారికి పుల్లబొగ్గే మేలు. వేలితో తుడిచినను అది చెదరును. రబ్బరు లేని దినములలో చిత్రకారులు దానిని మెత్తని రొట్టెముద్దతో చెరిపెడివారు.

మనుష్యరూపమునకు బొగ్గు ఇంతగా తగియుండుటకు ఒక కారణము కలదు. మన శరీరముచుట్టు గీత యేదియు లేదు. వెలుతురు పడిన భాగము, నీడ పడిన భాగము, ఆ రెండును కలియు చోటు, ఇవియే కన్నులకు కనబడునవి. పెన్సిలు మొన గీతను మాత్రమే సులభముగా ఇచ్చును. బొగ్గుపుల్లను ప్రక్కవాటుగా పట్టి ఒక్కమారు రాచినచో వీపంతయు నీడలో నిలుచును.

ఎదుట మనిషిని కూర్చుండబెట్టుకొని గీయుట అన్నిటికంటె ఉత్తమము. కాని గంటసేపు కదలక కూర్చుండువారు మన ఇండ్లలో ఎవరు? అందుచేత ఫొటోను చూచి గీయుట వాడుకలోనికి వచ్చినది. ఇది తప్పేమియు కాదు. ఫొటో తీయు విద్య లోకమునకు వెల్లడియైనది 1839లో. ఆ తరువాత పదునైదేండ్లకే, అనగా 1854లో, ఫ్రెంచి చిత్రకారుడగు దెలాక్రువా తన అభ్యాసమునకై మనుష్యుల ఫొటోలు తీయించుకొని, వానిని చూచి బొమ్మలు గీసెను. మన ఊళ్లలోను గతించిన పెద్దల చిన్న ఫొటోను ఆధారముగా గైకొని పెద్దపటము వ్రాసి యిచ్చు చిత్రకారులు ఉండిరి. పెండ్లిగుంపులో గోరంత కనబడు ముఖమే ఒక్కొక్క ఇంట మిగిలిన ఏకైక గురుతు. దానిని గీయువాని చేతిలో ఆ ఇంటివారి జ్ఞాపకమే ఉన్నది గదా!

అయితే ఫొటో చెప్పినదెల్ల నమ్మరాదు. ఒకడు కెమెరాకు 120 సెంటీమీటర్ల దూరమున కూర్చుండి, అరచేతిని ముందునకు చాచెననుకొనుడు. చేయి కెమెరాకు 60 సెంటీమీటర్ల దూరములో నుండును. దూరము సగమైనచో ఫొటోలో పరిమాణము రెట్టింపగును. నిజమునకు అరచేయి, వ్రేళ్లతో కూడ, గడ్డము మొదలు నొసటివెంట్రుకల వరకు గల ముఖమంత పొడవు మాత్రమే. ఫొటోలో నది ముఖమునకు రెండింతలై రాక్షసహస్తము వలె కనబడును. అదే మనిషిని 6 మీటర్ల దూరమునుండి తీసినచో చేయి తొమ్మిదవ వంతు మాత్రమే పెద్దదగును. ఎదుట కూర్చున్నవానిని చూచునపుడు మన మనస్సు ఈ భేదమును తానే సరిదిద్దుకొనును. కాగితముపైకి వచ్చినపుడు మాత్రము వికారము బయటపడును. నిలుచున్న పెద్దవారు ఫోనుతో చంటిపిల్లలను పైనుండి తీసిన ఫొటోలు చూడుడు: తల గుమ్మడికాయ, కాళ్లు పుల్లలు! కెమెరాను మనిషి నడుము ఎత్తున ఉంచి, దూరముగా నిలిచి తీయుట మంచిది.

నీడల విషయములోను ఇట్టిదే మోసము కలదు. కన్ను నీడలోని మడతలను గూడ చూడగలదు. ఫొటోలో అవి తరచుగా నల్లని ముద్దగా మారును. ఎదుటినుండి మెరుపుదీపముతో తీసినచో అసలు నీడలే యుండవు. ముఖము పళ్లెమువలె చదునగును. కిటికీ ప్రక్కన, ఒకవైపునుండి వెలుతురు వచ్చునట్లు తీసినదే మనకు పనికివచ్చును.

కావున కొలతలు తెలిసియుండవలెను. నడినెత్తి మొదలు గడ్డము వరకు ఒక తలగా లెక్కించినచో, పెరిగిన మనిషి ఎత్తు సుమారు ఏడున్నర తలలు. ఏడాది బిడ్డ నాలుగు తలల ఎత్తే యుండును. పెద్దలను చిన్నగా గీసినంతమాత్రమున పిల్లలు కాకపోవుట ఇందువల్లనే. మన శిల్పులు ముఖము పొడవును తాళమని పిలిచి, మూర్తినిబట్టి తొమ్మిది, పది తాళముల ఎత్తును విధించిరి. కన్నులు తలకు సరిగా నడుమ నుండును. క్రొత్తగా గీయువారు వానిని నొసటిపైకి ఎక్కించుట సర్వసాధారణము.

కొలతలకంటె ముఖ్యమైనది నిలుకడ. మనిషి ఒంటికాలిపై బరువు మోపి నిలిచినపుడు ఆ వైపు తుంటి పైకి లేచును, ఆ వైపు భుజము క్రిందికి వాలును. కంఠము క్రింది గుంటనుండి నూలుదారమునకు రాయి కట్టి వ్రేలాడదీసినచో, అది బరువు మోసెడి పాదము దగ్గరకే చేరును. గుడులలోని త్రిభంగిమూర్తుల అందమంతయు ఈ వాలులలోనే యున్నది. ఫొటోపై ఈ గీతను ముందుగా వెదకుడు. కెమెరా వంకరగా పట్టబడినదేమో తెలియుటకు వెనుకనున్న ద్వారబంధమును చూడవలెను. గీత తప్పిన బొమ్మ, కనురెప్పలెంత చక్కగా తీర్చినను, పడిపోవుచున్నట్లే యుండును.

ఇక గీయుట. గరుకు కాగితమునకు పలుచగా బొగ్గుపొడి రాచి బూడిదరంగు చేయుడు. కన్నులు సగము మూసి ఫొటోను చూడుడు. చిల్లర వివరములు మాయమై పెద్దనీడలు మిగులును. వానిని నింపి, వెలుతురు పడిన నొసలును, ముక్కుదూలమును, భుజమును రబ్బరుతో తుడిచి తీయవలెను. ఇచట చెరుపుటయు గీయుటయే. నీడ అంచు ఎముక వద్ద పదునుగాను, కండరము వద్ద మెత్తగాను ఉండవలెను. ఎక్కడ ఎముక ఉన్నదో ఫొటో చెప్పనిచో మీ మోచేతినో మోకాలినో తడిమి తెలిసికొనుడు. గోరంత ఫొటోలో లేని కనురెప్పను ఊహించి గీయుటకంటె ఆ చోటును నీడలోనే విడుచుట మేలు; లేదా ఆ మనిషిని ఎరిగిన ఇంటివారిని అడుగవలెను.

పూర్తియైన బొమ్మపై చేయి సోకినచో పొడి రాలును. జిగురును సారాయములో కరగించిన ద్రవమును తుంపరలుగా చిలికించుటయో, కాగితమునకు తగులకుండ అద్దము బిగించుటయో చేయుదురు. అట్లు కాపాడినచో బొగ్గు చిరకాలము నిలుచును. జర్మను చిత్రకారుడు ఆల్బ్రెక్టు డ్యూరరు 1514 మార్చిలో తన తల్లిని ఎదుట నుంచుకొని బొగ్గుతో గీసెను. ముడుతలుపడిన నొసలు, పొడుచుకొని వచ్చిన చెంపయెముకలు, మెడనరములు, ఏదియు దాచలేదు. ఆమె వయస్సు 63 ఏండ్లని దానిపై వ్రాసెను. ఆ మే నెలలో ఆమె మరణింపగా ఆ సంగతిని సిరాతో క్రింద చేర్చెను. ఆ కాగితము బెర్లిను నగరమందలి చిత్రసంగ్రహములో నేటికిని ఉన్నది.