ఉన్నికి చాకిరేవు పద్ధతి పనికిరాదు

మన వైపు గొర్రెకే ఉన్ని లేదు. నెల్లూరు జాతి అయినా మాచర్ల జాతి అయినా ఒంటి మీద ఉండేది కురచ వెంట్రుకే, పెంచేది మాంసానికే. కంబళి కావాలంటే అనంతపురం నుంచో తెలంగాణ నుంచో, దక్కనీ గొర్రె బొచ్చుతో నేసింది రావాలి. అందుకే ఉన్ని ఉతికే విద్య గుంటూరు, ఒంగోలు ఇళ్లలో అబ్బలేదు. ఇప్పుడేమో ఢిల్లీలో చదివే పిల్లల స్వెట్టర్లు, అమెరికా నుంచి వచ్చినవాళ్ల కోట్లు, కాశీ యాత్రకని కొన్న మఫ్లర్లు బీరువాల్లో చేరాయి. శివరాత్రి దాటగానే వాటిని ఉతికి దాచాలి. మన చేతికి వచ్చిన ఉతుకేమో ప్రత్తి బట్టది.

ప్రత్తి బట్టను చాకిరేవులో ఎలా ఉతికేవారో గుర్తుతెచ్చుకోండి. చవుడు నీళ్లలో తడిపి, బాన మీద పేర్చి, ఆవిరికి ఉబ్బవేసి, బండకేసి బాది, ఎర్రటి ఎండలో ఆరేసేవారు. చవుడంటే క్షారం. ప్రత్తి పీచు క్షారాన్ని, వేడిని తట్టుకుంటుంది, తడిస్తే ఇంకా గట్టిపడుతుంది. ఉన్ని అలా కాదు. మన జుట్టు, గోళ్లలాగే అదీ కెరటిన్ అనే ప్రోటీను. క్షారం దాన్ని తినేస్తుంది, తడిస్తే దాని బలం తగ్గుతుంది. పైగా ఉన్ని పోగు మీద చేప ఒంటి మీద ఉన్నట్టు పొలుసులుంటాయి. వేడినీళ్లు, సబ్బు, రుద్దుడు కలిశాయంటే ఆ పొలుసులు ఒకదానిలో ఒకటి చిక్కుకుని బిగుసుకుంటాయి. తాత స్వెట్టరు మనవడి కొలతకు వచ్చేది అందుకే. అలా అట్టకట్టినదాన్ని మళ్లీ మామూలు చేయడం ఎవరి తరమూ కాదు.

సబ్బు సంగతి చూసే ముందు అది ఉన్ని అవునో కాదో తేల్చుకోవాలి. చవక స్వెట్టర్లలో చాలావరకు యాక్రిలిక్కే. సన్మానాల్లో కప్పే శాలువల సంగతి చెప్పనక్కర్లేదు. లోపలి కుట్టు దగ్గర ఒక పోగు లాగి, పట్టకారుతో పట్టుకుని అంటించండి. జుట్టు కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ల మధ్య పొడిపొడి అయితే ఉన్ని. కరిగి గట్టి పూసలా మిగిలితే యాక్రిలిక్, దానికి ఇంత జాగ్రత్త అక్కర్లేదు.

ఇక సబ్బు. దుకాణంలో ప్రతి డబ్బా మీదా ‘మృదువైనది’ అనే ఉంటుంది. దాన్ని నమ్మడం కంటే దుగ్గిరాల పసుపును నమ్మడం మేలు. పసుపులో సున్నం కలిపితే ఎర్రటి పారాణి అవుతుందని అందరికీ తెలుసు. సున్నంలో ఉన్న క్షారం చేసే పని అది. తెల్ల కాగితం మీద పసుపు నీళ్లు పూసి ఆరనివ్వండి. వాడబోయే సబ్బును ఉతికేటప్పుడు కలిపినట్టే కలిపి ఒక చుక్క వేయండి. బట్టల సోడా, మామూలు డిటర్జెంట్ పొడి, బిళ్ల సబ్బు ఎర్రగా తిప్పుతాయి. కుంకుడు రసం, తలకు పెట్టుకునే షాంపూ పసుపును కదపవు. ఈజీ లాంటి ఉన్ని లిక్విడ్లనూ ఇలాగే పరీక్షించుకోవచ్చు. ముందు ఉత్త నీళ్ల చుక్క వేసి చూడటం మరచిపోవద్దు, ఆ తర్వాతే సబ్బు మీద నింద.

ఈ పరీక్షకు అందనిది ఒకటుంది. కొన్ని డిటర్జెంట్లలో గుడ్డు, పాలు, నెత్తురు మరకల్ని కరిగించే ఎంజైములుంటాయి. అవి కరిగించేది ప్రోటీన్లనే, ఉన్నీ ప్రోటీనే. డబ్బా వెనక ఎంజైము అని ఉంటే దాన్ని ప్రత్తి బట్టలకు ఉంచుకోండి. బ్లీచింగ్ నీళ్లయితే ఉన్నిని ఏకంగా కరిగించేస్తాయి. పట్టూ ప్రోటీనే కాబట్టి పట్టుచీరకూ ఇదే లెక్క.

నా ఓటు కుంకుడుకాయకే. గింజలు తీసి నానబెట్టి, పిసికి, రసం వడకట్టాలి. పిప్పి మిగిలితే ఉన్నిలో ఇరుక్కుంటుంది. తెల్ల ఉన్నికి మాత్రం వద్దు, ఆ గోధుమరంగు కాస్త అంటుకుంటుంది. కుంకుడుతో మరో లాభం నీళ్ల విషయంలో. పొదిలి, కనిగిరి వైపు బోరు నీళ్లతో ఉతికేవారికి సబ్బు నురగ రాకపోవడం, బకెట్టు అంచుకు తెల్లచార కట్టడం కొత్త కాదు. తాగేనీటి కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదని, వేరే నీళ్లు దొరకనప్పుడు 600 దాకా ఫరవాలేదని భారత ప్రమాణం. కఠిన జలంలో మామూలు సబ్బు కాల్షియంతో కలిసి జిడ్డు తెట్టు అవుతుంది, ఉన్నిలో దూరితే తేలిగ్గా వదలదు. కుంకుడు, షాంపూ ఆ తెట్టు కట్టవు. చివరి జాడింపుకు ఒక టిన్ను ఆర్‌ఓ నీళ్లు వాడినా దండగ కాదు.

ఉతకడానికి పొద్దున్నే కూర్చోండి. మధ్యాహ్నమైతే డాబా మీది ట్యాంకు నీళ్లు ఉన్నికి పనికిరానంత కాగిపోతాయి. స్వెట్టరు లోపలివైపు తిప్పి అయిదు పది నిమిషాలు నానబెట్టి, అరచేతులతో అదిమి వదలాలి. బ్రష్షు వద్దు, మెలిపెట్టి పిండొద్దు. జాడించే నీళ్లూ అదే వేడిలో ఉండాలి. ఆఖరి నీళ్లలో చెంచాడు నిమ్మరసం వేస్తే మిగిలిన క్షారం విరుగుతుంది. ఆవకాయ నూనె మరక ఉంటే ముందే దాని మీద చుక్క షాంపూ వేసి అద్దాలి, రుద్దకూడదు. తర్వాత పొడి తువ్వాల్లో చుట్టి నొక్కి, నవారు మంచం మీద పాత పంచె పరిచి, నీడలో బల్లపరుపుగా ఆరేయాలి. తడి ఉన్ని బరువెక్కుతుంది, దండెం మీద వేస్తే చేతులు మోకాళ్ల దాకా సాగుతాయి. దగ్గర్లో మిర్చి కళ్లం ఉంటే గాలి వాలు చూసుకోండి. ఘాటు పట్టిన మఫ్లరు మెడకు చుట్టుకుంటే ఆ మంట ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు.

చెమట, తిండి మరకలున్న చోటే పురుగు ముందు కొరుకుతుంది కాబట్టి ఉతక్కుండా దాచడం దానికి విందు పెట్టడమే. పూర్తిగా ఆరాక నూలు గుడ్డలో చుట్టి, కలరా ఉండలు వేరే మూటకట్టి పక్కన పెట్టండి. వానాకాలంలో ఒకటి రెండుసార్లు బయటికి తీసి, దులిపి, మడతలు మార్చి పెట్టాలి.