వెంకటాపురం పగ, యూసుఫ్‌గూడ తూటా

బేగంపేట దాటి అమీర్‌పేట వస్తే కోచింగ్ సెంటర్లు, హాస్టళ్ళు, టిఫిన్ బండ్లు. అక్కడ చదువుకునే పిల్లల్లో సీమవాళ్ళు చాలామందే. ఊళ్ళో ఉంటే ఏదో ఒక వర్గంలో జమకడతారన్న భయంతో బిడ్డల్ని పట్నం తోలిన తల్లిదండ్రులున్నారు. అయితే పగకు కూడా పట్నం దారి తెలుసు. ఈ పక్కనే యూసుఫ్‌గూడలో, 2011 జనవరి 3న, ఫ్యాక్షన్ నాయకుడు మద్దెలచెర్వు సూరిని కారులోనే కాల్చి చంపారు.

ఈ గొడవ మొదలైంది భూమి దగ్గర. అప్పటి అనంతపురం జిల్లా వెంకటాపురానికి చెందిన పరిటాల శ్రీరాములు పేదలకు భూములు పంచాలని నిలబడ్డాడు. 1975లో ఆయన్ని చంపేశారు. కొన్నేళ్ళకు అవతలి వర్గంలో సూరి తండ్రి గంగుల నారాయణరెడ్డి హతుడయ్యాడు. తండ్రులు పోయిన రెండిళ్ళలో ఎదిగిన కొడుకులే పరిటాల రవి, సూరి.

1993లో సూరి ఇంట్లో టీవీ పేలింది. లోపల బాంబు పెట్టారు. పల్లెలో ఒకరింట్లో టీవీ పెడితే వీధంతా వచ్చి కూర్చునే రోజులవి. ఆ పేలుడులో సూరి కుటుంబ సభ్యులు పోయారు. రాజకీయం, ఆధిపత్యం అని ఎన్నయినా చెప్పండి, ఇంట్లోవాళ్ళను పోగొట్టుకున్నవాడికి ఆ మాటలేవీ ఎక్కవు.

1997 నవంబరు 19న జూబ్లీహిల్స్‌లో కారు బాంబు. గురి రవి మీద. ఆయన తండ్రి కథతో తీస్తున్న ‘శ్రీరాములయ్య’ సినిమా పనిమీద వచ్చాడు. రవి బతికాడు. 20 మందికి పైగా చనిపోయారు, వాళ్ళలో ఈటీవీ సిబ్బంది కూడా ఉన్నారు. కెమెరా పట్టుకుని డ్యూటీకి వచ్చినవాళ్ళకు వెంకటాపురం ఎవరిదో, మద్దెలచెర్వు ఎవరిదో ఎందుకు? ఈ కేసులో సూరికి యావజ్జీవ శిక్ష పడింది.

2005 జనవరి 24న అనంతపురంలో, తన పార్టీ కార్యాలయం దగ్గరే రవిని కాల్చి చంపారు. 2010 డిసెంబరులో ఈ పగ మీదే తీసిన ‘రక్తచరిత్ర’ సినిమా రెండో భాగం థియేటర్లకొచ్చింది. నెల తిరిగేసరికి, అప్పటికి జైలు నుంచి బయటికొచ్చిన సూరి కూడా లేడు. చంపింది అవతలి వర్గం కాదు, పక్కనే తిరిగిన అనుచరుడు భానుకిరణ్. 2018లో అతనికి కోర్టు యావజ్జీవం వేసింది. భూమి కోసం మొదలైన పగ చివరికి సొంత మనుషుల్నే నమ్మలేని స్థితికి చేరింది.

మిగిలింది ఆడవాళ్ళు. సూరి భార్య భానుమతి 2004 ఎన్నికల్లో పెనుకొండలో రవి మీదే పోటీచేసింది. రవి పోయాక ఆయన భార్య సునీత అదే పెనుకొండ నుంచి గెలిచి, తర్వాత మంత్రి అయింది. పేరున్న ఇళ్ళు కాబట్టి వీళ్ళ దుఃఖం మనకు తెలిసింది. కారు తోలినవాళ్ళ, వెంట నడిచినవాళ్ళ ఇళ్ళ సంగతి ఎవరూ అడగలేదు.

యూసుఫ్‌గూడను ఆనుకునే సినిమావాళ్ళ కృష్ణానగర్. అక్కడ కూర్చుని ఫ్యాక్షన్ కథలు అల్లే రచయితలకు ఒక్క మనవి: సుమోలు లేపింది చాలు, ఈసారి ఆ కెమెరామన్ ఇంటికి వెళ్ళి కథ మొదలుపెట్టండి.