రోము నగరపు గుమ్మటములు

ఇటలీ రాజధానియగు రోము నగరమునకు పోయినవారు మొదట కొలోసియమును చూతురు. క్రీ.శ. 80లో ప్రారంభమైన ఆ క్రీడాస్థలము కమానుల కట్టడము. చూడదగినదే. కాని కట్టడము ఎట్లు నిలుచునో తెలిసికొన గోరువారికి ఆ నగరమున గుమ్మటములే ఎక్కువ నేర్పును. వేరువేరు యుగములలో కట్టిన మూడు గొప్ప గుమ్మటములు అచట ఉన్నవి. మూడింటికిని ఎదురైన చిక్కు ఒక్కటే.

ఆ చిక్కును ఇంటిలోనే చూడవచ్చును. బత్తాయి పండును అడ్డముగా కోసి, లోపలి తొనలు తీసి, సగము తొక్కను బల్లపై బోర్లించి నడినెత్తిన వ్రేలితో నొక్కవలెను. అడుగు అంచు వెలుపలికి జరుగును. ఇంకను నొక్కినచో అంచు నిలువుగా చీలును. గుమ్మటమును నొక్కునది దాని స్వంత బరువే. పైభాగమున రాళ్లు ఒకదానినొకటి నొక్కుకొని గట్టిగా నిలుచును. క్రిందిభాగము మాత్రము చుట్టును సాగదీయబడును. రాయి, ఇటుక, సున్నము నొక్కుడునకు చక్కగా ఓర్చును, లాగుడునకు ఓర్వవు.

మొదటిది పాంథియాన్. హేడ్రియను చక్రవర్తి కాలమున, సుమారు క్రీ.శ. 125 ప్రాంతమున పూర్తియైన ఈ ఆలయపు గుమ్మటము అడ్డుకొలత 43.3 మీటర్లు. నేలనుండి నడినెత్తికి ఎత్తును అంతే. ఇనుప కడ్డీలు లేని కాంక్రీటు గుమ్మటములలో నేటికిని ఇంతకు మించినది లేదు. రోమనులు సున్నములో అగ్నిపర్వతపు బూడిదను కలిపి కాంక్రీటు చేసిరి. వారి తెలివి అందు కలిపిన రాళ్ల ఎంపికలో కానవచ్చును: అడుగున బరువైన సున్నపురాయి, పైకి పోయినకొలది తేలికయైన టఫ్ రాయి, ఇటుకముక్కలు, చిట్టచివర నీటిపై తేలునంత తేలికయైన ప్యూమిస్ అను నురుగురాయి. గుమ్మటపు మందము కూడ అడుగున ఆరు మీటర్లకు పైగా ఉండి, నెత్తిన సుమారు 1.2 మీటర్లకు తగ్గును. నడినెత్తిన మూతయే లేదు. ఆ గుండ్రని రంధ్రమునుండి వెలుతురుతోపాటు వానయు లోపల పడును. నీరు పోవుటకు నేలలో తూములు ఉన్నవి. ఇంత చేసినను క్రిందిభాగమున నిలువు బీటలు వచ్చినవి. ఐనను సుమారు ఆరు మీటర్ల మందముగల గోడ దానిని పట్టి యుంచినది.

రెండవది సెయింట్ పీటరు దేవాలయము. 1929 నుండి ఇది వాటికన్ అను ప్రత్యేక రాజ్యమున ఉన్నది. కాని ఆ రాజ్యమే రోము నగరము నడుమ ఉన్నది. మైకెలాంజెలో 1564లో మరణించునాటికి గుమ్మటము లేవలేదు. దానిని జాకొమో డెల్లా పోర్తా 1590 నాటికి పూర్తిచేసెను. అడ్డుకొలత పాంథియానుకంటె కొంచెము తక్కువ. కాని శిలువ కొన నేలనుండి సుమారు 136 మీటర్ల ఎత్తున ఉన్నది. అంత ఎత్తున ఆరు మీటర్ల గోడ కట్టుట సాధ్యము కాదు. అందువలన ఇటుక గుమ్మటమును రెండు పొరలుగా కట్టి, చుట్టును రెండు ఇనుప వలయములు బిగించిరి.

ఆ రెండును చాలలేదు. బీటలు పెరుగుచు వచ్చి, 18వ శతాబ్దమున గుమ్మటము కూలునేమో యను భయము పుట్టెను. పోపు 14వ బెనెడిక్టు 1742లో బాస్కోవిచ్, ల సోర్, జాకియే అను ముగ్గురు గణితవేత్తలను విచారింపుమనెను. వారు లెక్కవేసి, ఉన్న వలయముల బలము చాలదనిరి. గణితము లేకయే కట్టినదానిని గణితము లేకయే బాగుచేయలేమా యని ఆక్షేపించినవారును లేకపోలేదు! తరువాత 1743లో పాడువా విశ్వవిద్యాలయమునుండి జొవన్ని పొలేని అను ఆచార్యుని పిలిపించిరి.

పొలేని దారము పట్టుకొనెను. వ్రేలాడు గొలుసులో ఉండునది లాగుడు మాత్రమే. ఆ వంపును తలక్రిందులు చేసినచో నొక్కుడు మాత్రమే గల కమాను వచ్చునని ఇంగ్లండులో రాబర్ట్ హుక్ 1675లోనే చెప్పియుండెను. ఇతరులు కాజేయుదురేమో యని కాబోలు, ఆ మాటను అక్షరములు తారుమారు చేసి ప్రకటించెను. పొలేని గుమ్మటమును పనసతొనలవలె 50 భాగములుగా భావించి, ఎదురెదురు తొనలు రెండును కలిసి ఒక కమాను అగునని తలచెను. ఒక్కొక్క తొనను ముక్కలుగా విభజించి, ఆ బరువుల నిష్పత్తిలో 32 సీసపు గుండ్లను దారమున వ్రేలాడదీసెను. అప్పుడు వచ్చిన వంపును తిరగవేసి గుమ్మటపు పటముపై నుంచగా, అది ఆసాంతము గోడ మందములోనే ఇమిడెను. అనగా, గుమ్మటము నిలువునా తొనలుగా చీలినను, అడుగు జరుగనంతవరకు పడిపోదు. అడుగు జరుగకుండ చేయుటయే పని.

ఈ ప్రయోగమును పాఠశాలలో చేయుట సులభము. నల్లబల్లపై రెండు మేకులకు పూసల దారము కట్టి, దాని వంపును కాగితముపై గీసి, కాగితమును తలక్రిందులు చేసిన చాలును. నడుమ ఒక పెద్ద పూస కట్టినచో వంపు ఎట్లు మారునో కూడ విద్యార్థులచే చూపింపవచ్చును.

పొలేని సలహాపై వాన్విటెల్లి అను వాస్తుశిల్పి అయిదు క్రొత్త ఇనుప వలయములు వేసెను. కమ్మరి బండిచక్రమునకు పట్టా వేయునపుడు ఇనుమును కాల్చి తొడుగును. అది చల్లారి బిగియును. ఇచట కడ్డీలను కలిపి చీలలు కొట్టి బిగించిరి. పిమ్మట పాత వలయములలో ఒకటి తెగియున్నట్లు బయటపడగా, 1748లో ఆరవది చేర్చిరి. గుమ్మటము నేటికిని నిలిచియున్నది.

మూడవది పాతది కాదు. 1960 ఒలింపిక్ క్రీడలకొరకు పియెర్ లూయిజి నెర్వి అను ఇంజనీరు, విటెలొట్సి అను వాస్తుశిల్పితో కలిసి 1957లో పూర్తిచేసిన చిన్న క్రీడాభవనమది. చిన్నదను పేరేగాని అడ్డుకొలత సుమారు 60 మీటర్లు, పాంథియానుకంటె పెద్దది. నేలమీద ముందుగా పోతపోసిన 1,620 పలుచని ముక్కలను పేర్చి, వాటి సందులలో ఇనుపకడ్డీలతో కాంక్రీటు నింపిరి. చుట్టును దళసరి గోడ లేదు. వై ఆకారముగల 36 వాలుస్తంభములు గుమ్మటపు త్రోపును ఏటవాలుగా భూమిలోనికి దింపును. అచట సుమారు 81 మీటర్ల అడ్డుకొలత గల కాంక్రీటు వలయము వాటి పాదములను జరుగనీయక పట్టుకొనియుండును. అది నేలలో పూడియున్నందున చూడవచ్చినవారికి కనబడదు.