బల్బులో ఒక చిన్న దొప్ప

"బండి లైటు డిమ్ వేస్తే వెలుగు కిందికి దిగుతుంది కదా సార్, అప్పుడు లోపల ఏం కదులుతుంది?" పదో తరగతిలో దర్పణాల పాఠం చెబుతుంటే ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. ఏమీ కదలదు. అద్దం కదలదు, బల్బు కదలదు, ముందున్న గాజూ కదలదు. హ్యాండిల్ మీది స్విచ్ ఒక ఫిలమెంటుకి కరెంటు ఆపి, పక్కనున్న ఇంకో ఫిలమెంటుకి ఇస్తుంది, అంతే. ఆ రెండింటికీ మధ్య ఎడం కొన్ని మిల్లీమీటర్లు. అంత చిన్న ఎడంతో వందల అడుగులు పోయే వెలుగుని దారి మళ్లించారు. పాత బుల్లెట్‌కి హెడ్‌లైట్ మార్చాల్సి వచ్చినప్పుడల్లా, కొత్త బల్బుని బిగించే ముందు కాసేపు కిటికీ దగ్గర తిప్పి తిప్పి చూడందే నాకు తోచదు.

రిఫ్లెక్టర్ ఒక పరావలయ దర్పణం. దాని నాభి దగ్గర పుట్టిన కిరణం అద్దంలో ఏ మూల తగిలినా ఒకే దిక్కుకి, సమాంతరంగా బయటికి పోతుంది. అయితే నాభి అంటే ఒక బిందువు. నాభ్యంతరం 25 మిల్లీమీటర్లు ఉన్న అద్దంలో ఫిలమెంటు 1 మిల్లీమీటరు పక్కకి జరిగితే కిరణాలు రెండు డిగ్రీలకు పైగా వంగుతాయి. 25 మీటర్ల దూరంలో అది ఒక మీటరు తేడా. గుంట మీద పడాల్సిన వెలుగు చెట్టు మీద పడుతుంది. తొలినాళ్ల బండ్లలో బల్బుని ముందుకీ వెనక్కీ జరిపి నాభిని వెతుక్కునేవాళ్లు. ఆ తర్వాత బల్బు నడుముకి ఒక లోహపు అంచు వేసి, ఫిలమెంటు ఆ అంచుకి ఎంత దూరంలో ఉండాలో ఫ్యాక్టరీలోనే ఖాయం చేశారు. ఏ ఊళ్లో కొన్న బల్బైనా అద్దంలో సరిగ్గా అదే చోట కూర్చుంటుంది. బల్బుల కన్నా ముందు తరం అసిటిలీన్ దీపాలది. మామిడికాయలు మగ్గబెట్టడానికి వాడిన కార్బైడ్ ఉందే, దాని మీద నీటిబొట్లు పడేలా చేసి, పుట్టిన గ్యాసుని వెలిగించేవాళ్లు. తెల్లటి మంట, మంచి వెలుగే. కానీ మంట బిందువు కాదు కాబట్టి అద్దం దాన్ని దూరానికి కుదురుగా పంపలేకపోయింది.

ఎదుటి బండివాడి కళ్లలో కొట్టకుండా వెలుగుని దించడం ఎలా అన్న దగ్గర రెండు బడులు ఏర్పడ్డాయి. 1930ల్లో బ్రిటన్ కార్లలో కొన్నిటికి విద్యుదయస్కాంతంతో అద్దాన్నే వంచే ఏర్పాటు ఉండేది. తర్వాత బ్రిటన్, అమెరికాలు సులువైన దారి పట్టాయి. డిమ్ ఫిలమెంటుని నాభికి కాస్త పైన పెట్టారు. దీపం పైకి జరిగితే అద్దంలోంచి వచ్చే వెలుగు కిందికి వంగుతుంది. మొత్తం అద్దం పనిచేస్తుంది, వెలుగు వృథా కాదు. లోపం ఏమిటంటే పై అంచు స్పష్టంగా ఉండదు. అటూ ఇటూ చెదిరిన కాంతి కొంత ఎదుటివాడి కళ్లకి చేరుతూనే ఉంటుంది.

జర్మన్ బడి దారి వేరు. 1925లో ఓస్రామ్ తెచ్చిన బైలక్స్ బల్బులో డిమ్ ఫిలమెంటు నాభికి పైన ఉండదు, ముందు ఉంటుంది. నాభికి ముందున్న దీపం నుంచి అద్దం పై సగానికి తగిలిన కిరణాలు కిందికి వంగుతాయి, కింది సగానికి తగిలినవి పైకి లేస్తాయి. మొదటివి మనకి కావాలి, రెండోవి ఎదుటివాడికి శత్రువులు. అందుకని ఆ ఫిలమెంటు కింద, గుళ్లో ప్రసాదం పెట్టే ఆకుదొప్పలాంటి లోహపు దొప్ప ఒకటి పట్టారు. కింది సగానికి కాంతి చేరనే చేరదు. పైకి లేచే కిరణం పుట్టకముందే ఆగిపోయింది. దొప్ప అంచు నీడే రోడ్డు మీద కత్తితో కోసినట్టు గీతై నిలబడుతుంది. గీత కింద వెలుగు, పైన చీకటి.

నమ్మకం కలగకపోతే చీకటి పడ్డాక ఇలాంటి దొప్ప ఉన్న బల్బు బిగించిన బండిని గోడకి ఎదురుగా పెట్టి, డిమ్ వేసి, హెడ్‌లైట్ గాజు కింది సగానికి ఒక అట్టముక్క అడ్డం పెట్టండి. గోడ మీద దాదాపు ఏమీ మారదు. పై సగాన్ని మూయండి, దాదాపు అంతా ఆరిపోతుంది. బ్రైట్ వేసి మళ్లీ చూడండి, ఏ సగం మూసినా వెలుగు తగ్గుతుంది. పాఠంలో పది బొమ్మలు గీసినా రాని అవగాహన పిల్లలకి ఈ అట్టముక్కతో వస్తుంది.

ఆ దొప్పలో ఇంకో కిటుకు ఉంది. దాని ఒక అంచు సమతలంగా ఉంటే రెండో అంచుని 15 డిగ్రీలు కోసేశారు. ఆ కోతలోంచి దిగిన కాంతి అద్దంలో ఇంకాస్త మేర తగిలి, రోడ్డు వారన గీతని పైకి లేపుతుంది. నడిచిపోయే మనిషి, పడుకున్న గేదె, కిలోమీటరు రాయి ముందే కనబడతాయి. 1957 నుంచి యూరప్ ఈ పద్ధతిని అందుకుంది. మనం ఎడమవైపు నడుపుతాం కాబట్టి వెలుగు ఎడమన లేవాలి. జర్మనీ, ఫ్రాన్స్ రోడ్లకని చేసిన హెడ్‌లైట్ తెచ్చి ఇక్కడ బిగిస్తే అది కుడివైపు లేచి నేరుగా ఎదుటివాడి మొహాన కొడుతుంది. పాత బండికి విదేశీ లైటు మీద మోజు పడేవాళ్లు ముందు ఇది చూసుకోవాలి.

బ్రిటన్ తరహా బల్బున్న పాత బండికి హెచ్4 అనే హాలోజన్ బల్బు పట్టే రిఫ్లెక్టర్ మారుస్తున్నామంటే ఒక బడి నుంచి ఇంకో బడికి మారుతున్నామన్నమాట. హెచ్4లో ఉన్నది ఆ జర్మన్ దొప్పే. అయినా కొత్త రిఫ్లెక్టర్ పాత గూట్లో కూర్చోవడానికి కారణం అమెరికా. 1940లో ఆ దేశం 7 అంగుళాల గుండ్రటి సీల్డ్ బీమ్‌ని తప్పనిసరి చేసింది. ఫిలమెంటు, అద్దం, గాజు ఒకే ముద్ద, పోతే మొత్తం మార్చాలి. ఆ పద్ధతి పోయింది, కొలత మాత్రం మిగిలింది. అంబాసిడర్‌కీ జీపుకీ బుల్లెట్‌కీ ముందు కన్ను 7 అంగుళాలే. బుల్లెట్‌లో స్పీడోమీటరునీ అమ్మీటరునీ హెడ్‌లైట్‌నీ కలిపి పట్టుకున్న ఆ అల్యూమినియం గూడు 1954 నాటిది. మరుసటి ఏడు మద్రాసులో బుల్లెట్ బిగింపు మొదలైంది. ఆ అందం చెడకుండా లోపలి దీపం మాత్రం మార్చుకోవచ్చు.

రిఫ్లెక్టర్ మార్చినా వెలుగు రాలేదంటే తప్పు తరచుగా తీగల్లో ఉంటుంది. 6 వోల్టుల బండిలో 36 వాట్ల బల్బు 6 ఆంపియర్లు లాగుతుంది. తుప్పు పట్టిన ఎర్త్ దగ్గర 1 వోల్టు పోయిందనుకుందాం. ఫిలమెంటు వెలుగు వోల్టేజికి సుమారు మూడున్నర ఘాతంలో మారుతుంది కాబట్టి దాదాపు సగం వెలుగు పోయినట్టే. అదే తీగల్లో 12 వోల్టుల 36 వాట్ల బల్బు పెడితే కరెంటు సగమై, పోయే వోల్టేజి అర వోల్టుకి దిగుతుంది. వెలుగులో ఏడో వంతు మాత్రమే నష్టం. బండ్లన్నీ 12 వోల్టులకు మారడంలో ఈ లెక్కకి పెద్ద పాత్ర ఉంది. కొత్త లైటు కొనే ముందు గరుకు కాగితంతో ఎర్త్ పాయింటు రుద్దండి. తర్వాత డైనమో శక్తి లెక్కేయండి. అప్పటి బ్రిటిష్ బండ్లలో బాగా కనిపించే లూకాస్ ఇ3ఎల్ డైనమో ఇచ్చేది మొత్తం 60 వాట్లే. హెచ్4లో బ్రైట్ ఒక్కటే 60 వాట్లు తినేస్తుంది.

తర్వాతి కథ వేగంగా నడిచింది. 1959లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ ఇంజినీర్లు బల్బులో కాస్త అయోడిన్ చేర్చి, ఆవిరై గాజుకి మసిపట్టించే టంగ్‌స్టన్‌ని తిరిగి ఫిలమెంటుకే చేర్చారు. అదే హాలోజన్. 1971లో హెచ్4 వచ్చింది. ఇప్పుడు ఎల్ఈడీ. పాత రిఫ్లెక్టర్‌లో ఎల్ఈడీ బల్బు పెట్టేవాళ్లు ల్యూమెన్లు చూసి కొంటారు. చూడాల్సింది చిప్ ఉన్న చోటు. ఫిలమెంటు ఉండాల్సిన చోటే చిప్ లేకపోతే, దాని కింద దొప్ప లేకపోతే, గీత చెదిరిపోతుంది. ఎంత వెలుగుంటే అంత ఎక్కువగా ఎదుటివాడి కళ్లు చీకట్లు కమ్ముతాయి.

ఏది బిగించినా చివర గోడ ముందు సరిచూసుకోవాలి. 10 మీటర్ల దూరంలో డిమ్ గీత హెడ్‌లైట్ మధ్య ఎత్తు కన్నా 10 సెంటీమీటర్లు కిందికి ఉండాలి. దీపం 90 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే ఆ గీత 90 మీటర్ల అవతల రోడ్డుని తాకుతుంది. ఇది చూసేటప్పుడు బండిని స్టాండు మీంచి దించి, సీటు మీద మనిషి కూర్చుని ఉండాలి. రోజూ వెనక ఎవరినైనా ఎక్కించుకునేవాళ్లయితే వాళ్లనీ కూర్చోబెట్టండి. వెనక షాకులు కుంగితే ముందు వెలుగు లేస్తుంది.