పొదుగు పెట్ట

నెల్లూరికి తూర్పున, సముద్రపు గాలి తగిలే తోటపల్లి గూడూరు సీమలో, పెరటి మూల వరిగడ్డి పరచిన గంపలో ఒక పెట్ట కన్నులరమోడ్చి కూర్చున్నది. చేయి చాపితే ఒళ్లంతా ఉబ్బించి గుర్రుమంటుంది. ఇల్లాలికి ఆ గుర్రుమనడమే శుభవార్త. పెట్ట పొదుగుకు వచ్చినది!

అయితే గుర్రుమన్న పెట్టలన్నీ తల్లులు కావు. పగలు గూటిలో కూర్చుండి, పొద్దుగూకగానే దూలమెక్కే దానిని నమ్మరాదు. రెండు రాత్రులు గులకరాళ్ల మీద కూర్చోబెట్టి చూడవలె. ఎత్తి పక్కన దించినా మరల వచ్చి కూర్చునేదే అసలైనది. మరీ బరువైనది గుడ్లను చిదుముతుంది. మరీ చిన్నది పది గుడ్లను కప్పలేదు. ఒకసారి పిల్లలను సాకిన మధ్యరకపు నాటుపెట్ట అన్నిటికంటె మేలు.

ఇక గుడ్ల సంగతి. సుమారు 21 డిగ్రీల వేడి దాటితే చాలు, గుడ్డులోని పిండం మెల్లగా మేలుకొంటుంది. సక్రమంగా పెరగడానికి 37.5 డిగ్రీలు కావలె. నెల్లూరి ఎండలో అటక మీద పది దినాలు ఉంచిన గుడ్డులో ప్రాణం సగం మేలుకొని నశిస్తుంది. ఆ నేరం పెట్ట మీద మోపడం లోకరీతి! వారం లోపలి గుడ్లను, నీడను తడి ఇసుకలో నిలిపిన కుండలో దాచి వాడుకోవలె. బంగ్లాదేశ్ పల్లెలలో హజల్ అనే మట్టిగూడు కలదు. దాని అంచుననే మేతకు, నీటికి రెండు చిన్న గిన్నెలుంటాయి. తల్లి ఆకలికి దూరం పోనక్కరలేదు.

గంపలో ఇనుపముక్క, బొగ్గు ఉంచితే ఉరుముకు గుడ్లు చెడవని కొందరి నమ్మకం. గుడ్లను చెరిచేది ఉరుము కాదు. వాన కారి గూడు తడవడం, బెదరిన తల్లి లేచిపోవడం. వేపాకు, బూడిద మాత్రం నిజంగా ఉపకరిస్తాయి. పేలు పట్టిన పెట్ట పొదుగు నిలుపదు. ఏడవ రాత్రి గుడ్డును దీపానికి అడ్డుపెట్టి చూస్తే, సాలీడు కాళ్లవలె ఎర్రని నరాలు కనిపించవలె. కనిపించనివి తీసివేయవచ్చును.

ఇరువది ఒకటవ దినాన పెంకు పగులుతుంది. తొందరపడి వలువరాదు. పుట్టిన పిల్లకు కడుపులోని పచ్చసొనే ఒకటి రెండు దినాల ఆహారం. పిదప నూకలు, చెదలు. వారం లోపల కొక్కెర తెగులు టీకా చుక్కలు వేయించవలె. 2024 ఫిబ్రవరిలో ఈ జిల్లాలోనే బర్డ్ ఫ్లూ సోకినది గనుక, కోళ్లు చచ్చిన ఊరి నుండి పొదుగు పెట్టను తేవడం అసలే కూడదు.

పెట్టను గూటికి కట్టివేసేది ప్రోలాక్టిన్ అనే హార్మోను. పొదిగే పెట్ట గుడ్లు పెట్టదు. అందుచేతనే అధికోత్పత్తి కోరిన పెంపకందారులు తరతరాలుగా పొదుగని వాటినే ఏరి, వైట్ లెగ్‌హారన్ వంటి జాతులలో ఆ గుణాన్ని దాదాపు తుడిచివేశారు. హైదరాబాదు రాజేంద్రనగర్ పరిశోధన సంస్థ పెరటి పెంపకానికని రూపొందించిన వనరాజాకు కూడ పొదిగే బుద్ధి లేదు. దాని గుడ్లను పిల్లలు చేయవలెనన్నా నాటుపెట్టే దిక్కు. కొత్త కోళ్లు పెరటిలోకి వచ్చిన ఇంట మొదట సంతకు పోయేది మాత్రం ఆ నాటుపెట్టే. మరుసటి ఏడు పిల్లలు కావలెనంటే ఇల్లాలు కొంగుముడి విప్పవలసినదే.